యూకాన్ మంచు దారుల్లో ఎల్విస్: ఈ డాక్యుమెంటరీ చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?

#1 రీలుపెట్టె · శనివారం రాత్రి 9:40

కెనడాలో వాయవ్య మూలన, అలాస్కాని ఆనుకుని యూకాన్ అని ఒక ప్రాంతం ఉంది. అక్కడ టాగిష్ ఎల్విస్ అనే ఒకాయన ఉన్నారు. అమెరికా రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ లాగా వేషం వేసుకుని చిన్న చిన్న ఊళ్ళు తిరుగుతూ పాడతారు. ఆయన మీద తీసిన డాక్యుమెంటరీ నిన్న రాత్రి చూశాను. వేషంతో ఆగలేదండోయ్, చట్టప్రకారం పేరు కూడా ఎల్విస్ ఆరన్ ప్రెస్లీ అనే మార్చుకున్నారట. ఎగిరే పళ్ళెం ఒకటి ఎదురుపడ్డాక తన జీవితం ఇలా మలుపు తిరిగిందని చెప్పుకుంటారు.

కథ చెప్పను, సీన్లూ చెప్పను. చూడనివాళ్ళకి మజా పోతుంది. నా బాధ వేరే. మొదటి ఇరవై నిమిషాలు పడీ పడీ నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తెలియక రాత్రి నిద్ర పట్టలేదు. కెమెరా ఆయన్ని చూసి నవ్వుతోందా, ఆయనతో కలిసి నవ్వుతోందా? ఇంకో సందేహం. వంద మంది కూడా ఉండని హాలుకి జనం ఎందుకు వస్తారు? ఈయన ఎల్విస్ కాదని వాళ్ళకి తెలీదా?

#2 కోనసీమకుర్రాడు · రాత్రి 9:46

పేరు మార్చేసుకున్నాడా! మా తీర్థంలో పాతికేళ్ళుగా స్టెప్పులేస్తున్న జూనియర్ చిరంజీవి కూడా రేషన్ కార్డులో సొంత పేరే ఉంచుకున్నాడు బ్రో. ఈయనకి దండం పెట్టాలి.

#3 పాతపాటలపిచ్చి · రాత్రి 9:58

రీలుపెట్టె గారూ, ఎల్విస్ గురించి ఒక సంగతి తెలిస్తే మీ రెండో సందేహం సగం తీరుతుంది.

ఎల్విస్ 1935 జనవరి 8న మిసిసిపీలోని టూపెలోలో పుట్టాడు, 1977 ఆగస్టు 16న మెంఫిస్‌లో పోయాడు. నలభై రెండేళ్ళు. ప్రపంచమంతా వెర్రెత్తిపోయిన ఈ మనిషి అమెరికా బయట కచేరీ చేసింది ఒక్క కెనడాలోనే, అదీ ఒక్క 1957లోనే. ఏప్రిల్‌లో టొరంటో, ఒటావా, ఆగస్టు 31న వాంకూవర్. మూడే మూడు ఊళ్ళు. ఒటావాలో ఒక కాన్వెంట్ స్కూలువాళ్ళు కచేరీకి వెళ్ళమని అమ్మాయిల చేత ప్రతిజ్ఞ కూడా రాయించారు. వాంకూవర్లో జనం స్టేడియం మైదానంలోకి తోసుకొచ్చేశారు. అంతే, మళ్ళీ అటు తొంగిచూడలేదు. లండన్ వెళ్ళలేదు, టోక్యో వెళ్ళలేదు.

కారణం ఆయన మేనేజర్ కల్నల్ టామ్ పార్కర్ అని చాలామంది నమ్మకం. కల్నలూ కాదు, టామూ కాదు, పార్కరూ కాదు. అసలు పేరు ఆంద్రియాస్ కోర్నెలిస్ వాన్ కైక్, హాలండ్‌లో బ్రెడా అనే ఊరివాడు. కాగితాల్లేకుండా అమెరికాలో దిగిన మనిషి. సరిహద్దు దాటితే తిరిగి రానిస్తారో లేదో అని భయం. ఎల్విస్ సంపాదనలో దాదాపు సగం ఆయన వాటాకే పోయేది, ఆ ఖజానాని కళ్ళెదురుగా ఉంచుకోకుండా ఒంటరిగా విదేశాలకి పంపుతాడా మరి.

అంటే ఒక దొంగ పేరు మనిషి వల్ల అసలు ఎల్విస్ ఎక్కడికీ వెళ్ళలేదు. ఆయన వెళ్ళని చోటికల్లా ఇంకో మారు పేరు మనిషి వెళ్తున్నాడు. నాకైతే ఇందులో ఒక లెక్క సరిపోయినట్టు అనిపిస్తుంది.

#4 బుల్లెట్‌రాజు · రాత్రి 10:03

వెళ్ళాల్సిన అవసరమేముంది సార్? 1973లో హవాయి నుంచి శాటిలైట్లో షో ఇస్తే 100 కోట్ల మంది చూశారు. అంతకన్నా ఏం కావాలి?

#5 పాతపాటలపిచ్చి · రాత్రి 10:09

రాజూ, ఆ 100 కోట్లు ప్రచారానికి కొట్టిన డప్పు. 1973 జనవరి 14న ప్రసారం లైవ్‌గా వెళ్ళింది ఆసియా పసిఫిక్ దేశాల్లో కొన్నిటికి. అమెరికావాళ్ళే ఏప్రిల్ దాకా చూడలేదు. ఆ రోజుల్లో హైదరాబాద్‌లోనే టీవీ లేదు, మీ తాతగారిని కూడా ఆ లెక్కలో వేసేసినట్టున్నారు. షో మాత్రం గొప్పది. ఈ డూపులంతా వేసుకునే తెల్ల జంప్‌సూటు, రాళ్ళు పొదిగిన బెల్టు, నిలబెట్టిన కాలరు, అన్నీ ఆ కాలానివే. బిల్ బెలూ అనే డిజైనర్ కుట్టించాడు. 1956 నాటి సన్నటి కుర్రాడి వేషం వేసేవాళ్ళు తక్కువ. లావుపాటి ఎల్విస్ అయితే పొట్ట దాచుకునే పని లేదు మరి.

#6 వైట్‌హార్స్‌వాసు · రాత్రి 10:11

అబ్బో, మా ఊరి ముచ్చట మన తెలుగు ఫోరంలో! నేను వైట్‌హార్స్‌లో ఉంటాను, యూకాన్ రాజధాని. సొంతూరు గాజువాక. ఇక్కడికొచ్చి ఆరేళ్ళవుతోంది. మీకు రాత్రి పది దాటింది కదా, నాకు పొద్దున తొమ్మిదీ నలభై. సరిగ్గా పన్నెండున్నర గంటల తేడా. జనవరి కాబట్టి బయట ఇంకా తెల్లారలేదు.

ముందు కొలతలు చెబుతాను, లేకపోతే ఎవరికీ ఊహకందదు. యూకాన్ విస్తీర్ణం 4.82 లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే 2.75 లక్షలు. అంత చోటులో మనుషులెంతమంది? 2021 లెక్కల ప్రకారం 40,232. అందులో 28 వేలు ఒక్క వైట్‌హార్స్‌లోనే. మిగిలిన పన్నెండు వేలు డాసన్, మేయో, ఫారో, రాస్ రివర్, పెల్లీ క్రాసింగ్, టెస్లిన్, వాట్సన్ లేక్ లాంటి ఊళ్ళలో చెదిరి ఉంటారు. ఊరికీ ఊరికీ మధ్య రెండొందల కిలోమీటర్లు ఉండటం మామూలు. ఓల్డ్ క్రో అని ఆర్కిటిక్ వలయం పైన ఒక ఊరుంది, దానికి రోడ్డే లేదు. విమానంలో పోవాల్సిందే.

టాగిష్ మాకు దగ్గరే, గంట దారి, సరస్సు ఒడ్డు. ఆ పేరుతోనే ఆయన్ని అందరూ పిలుస్తారు. ఇక్కడివాళ్ళకి ఆయన గురించి మీరనుకున్నంత ఆశ్చర్యం ఉండదు. యూకాన్‌లో విచిత్రమైన మనుషులకి ఒక గౌరవం ఉంది. ‘కలర్‌ఫుల్ ఫైవ్ పర్సెంట్’ అని ఒక మాట వాడతారు, ఊరికో నలుగురు రంగురంగుల మనుషులు ఉండాల్సిందే అన్న అర్థంలో. 1896లో క్లాండైక్‌లో బంగారం దొరికిందని వినగానే ఎక్కడెక్కడివాళ్ళో కొండలెక్కి వచ్చి పడిన చోటిది. తెలివైనవాళ్ళంతా అప్పుడే వెనక్కి పోయారు అని జోకు.

#7 సీతక్క · రాత్రి 10:20

వాసూ తమ్ముడూ, ఆ చలిలో పాటగాళ్ళు గొంతు ఎలా నిలబెట్టుకుంటారయ్యా? మాకు డిసెంబరులో అరకు వెళ్తేనే గొంతు పట్టేస్తుంది.

#8 వైట్‌హార్స్‌వాసు · రాత్రి 10:41

అక్కా, గొంతు సంగతి పక్కన పెట్టు, గిటారు సంగతి అడుగు. నేను పని చేసేది సౌండు సామాన్లు అద్దెకిచ్చే షాపులో. శీతాకాలంలో కచేరీ అంటే నాకు టెన్షన్.

బయట మైనస్ 35 ఉంటుంది. అయిదారు గంటలు వ్యాన్ వెనకాల ప్రయాణం చేసిన గిటారుని హాల్లోకి తెచ్చి వెంటనే పెట్టె తెరిచామనుకో, వెచ్చటి గాలి తగిలి దాని మీద చెమటలా తేమ పట్టేస్తుంది. చెక్క మీది పాలిష్ సాలెగూడులా సన్నగా పగుళ్ళిచ్చేస్తుంది. ఆ పగుళ్ళు వస్తున్నప్పుడు చిటచిటా చప్పుడు కూడా వినిపిస్తుంది, ఒకసారి విన్నాను, కడుపులో దేవినట్టయింది. అందుకని పెట్టె మూసి అలాగే మూలన పెట్టేస్తాం. రెండు మూడు గంటలు ఎవ్వరూ ముట్టుకోకూడదు. పిల్లలు వచ్చి దాని మీద కూర్చుంటారు, వాళ్ళని తోలడం ఒక పని.

కేబుళ్ళు కర్రల్లా బిగుసుకుపోతాయి. బలవంతంగా విప్పితే లోపల వైరు తెగుతుంది. మైకు బ్యాటరీలు జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకుంటాం. వ్యాన్ ఇంజనుకి బ్లాక్ హీటర్ ఉంటుంది, హాలు గోడకి ప్లగ్గు పెట్టి వదిలేయాలి. మర్చిపోతే తెల్లారి వ్యాన్ కదలదు. హాలు లోపల హీటర్ల వల్ల గాలి ఎంత పొడిగా ఉంటుందంటే గిటారు పెట్టెలో తడి స్పాంజి పెట్టుకోవాలి, లేకపోతే చెక్క నెర్రెలిస్తుంది.

ఇదంతా చేసి, తెల్ల జంప్‌సూటు తొడుక్కుని, అరవై మంది ముందు తుంటి ఊపాలి. పిచ్చి ఉంటే తప్ప కుదరదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను.

#9 బుల్లెట్‌రాజు · రాత్రి 10:47

అదే నేనంటున్నది. పిచ్చోడి మీద సినిమా తీసి, దాన్ని మనం ఫిలాసఫీ చేస్తున్నాం. ఆ ఎస్కిమోలకి వేరే కాలక్షేపం లేదు కాబట్టి ఎవరొచ్చినా చూస్తారు. అసలు ఎల్విస్ ఎవరో వాళ్ళకి తెలుసంటారా?

#10 మోడరేటర్ · రాత్రి 10:52

రాజు గారూ, ఎస్కిమో అన్న మాట అక్కడివాళ్ళు అవమానంగా భావిస్తారు, వాడొద్దు. చర్చ బాగా నడుస్తోంది, చెడగొట్టకండి.

#11 వైట్‌హార్స్‌వాసు · రాత్రి 11:05

రాజు బ్రో, కోపం లేదు కానీ రెండు తప్పులు. నువ్వు ఆ మాటతో పిలిచిన ఇనుయిట్లు ఎక్కువగా ఉండేది తూర్పున నునావుట్‌లో. యూకాన్‌లో ఉన్నది ఫస్ట్ నేషన్స్ అనే ఆదివాసీ జనం, మొత్తం 14 ఫస్ట్ నేషన్స్. టాగిష్, క్లింకిట్, కాస్కా, టచోన్, గ్విచిన్, ఇలా ఎవరి భాష వాళ్ళది. క్లాండైక్ బంగారం మొదట పట్టుకున్నవాళ్ళలో ఒకడైన కీష్ టాగిష్ మనిషే.

ఎల్విస్ ఎవరో తెలుసా అంటావా? వైట్‌హార్స్‌లో 1944 నుంచి రేడియో ఉంది. మొదట్లో సైన్యంవాళ్ళు, ఊరి వాలంటీర్లు నడిపారు, 1958లో ప్రభుత్వ రేడియో సీబీసీ తీసుకుంది. రాత్రి పూట గాలి అనుకూలిస్తే ఎక్కడెక్కడి అమెరికా స్టేషన్లూ పట్టేవట. ఇక్కడి ముసలివాళ్ళకి పాత కంట్రీ పాటలు నోటికొచ్చు. నీకూ నాకూ ఎల్విస్ అంటే టీ షర్టు మీద బొమ్మ. వాళ్ళకి పదిహేనేళ్ళ వయసులో చెక్క ఇంట్లో, పొయ్యి పక్కన, బ్యాటరీ రేడియోలో విన్న గొంతు.

టీవీ కథ ఇంకా బాగుంటుంది. ఉత్తరాది ఊళ్ళకి 1967 నుంచి రోజుకి నాలుగు గంటల ప్రోగ్రాములు టేపుల్లో వచ్చేవి. ఆ టేపుల్ని విమానంలో వేసి పంపేవాళ్ళు. ఒక ఊరు చూశాక ఇంకో ఊరికి. హాకీ మ్యాచ్ ఎవరు గెలిచారో రేడియోలో వినేశాక, ఎన్నాళ్ళకో తీరిగ్గా బొమ్మ చూసేవాళ్ళు. 1972 నవంబరులో ఆనిక్ ఉపగ్రహం ఎగిరింది, ఆ మరుసటి ఏడు నుంచే ఇక్కడ లైవ్ టీవీ.

#12 సీతక్క · రాత్రి 11:09

మా టూరింగ్ టాకీసుకి రీలు పెట్టెలు బస్సు మీద వచ్చినట్టే ఉందే! ఇంటర్వెల్ అయిపోయినా రెండో సగం పక్కూరి నుంచి సైకిల్ మీద రాక, జనం ఈలలు వేసేవాళ్ళు.

#13 రీలుపెట్టె · రాత్రి 11:30

ఆ పెట్టెల వల్లే కదా అక్కా నా పేరు.

నా మొదటి సందేహానికి వస్తాను. ఉత్తరాది మనుషుల మీద కెమెరా పెట్టడం అనగానే నాకు 1922లో రాబర్ట్ ఫ్లాహెర్టీ తీసిన ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ గుర్తొస్తుంది. డాక్యుమెంటరీల చరిత్ర చెప్పేవాళ్ళు మొదలుపెట్టేదే దానితో. హడ్సన్ అఖాతం తూర్పు తీరంలో తీశాడు. అందులో చాలా భాగం నటింపజేసినదే. నానూక్ అసలు పేరు అలకరియల్లాక్. మంచు ఇంట్లోకి కెమెరాకి వెలుతురు చాలదని సగం గోడ లేని ఇల్లు కట్టించి, గడ్డకట్టే గాలిలో వాళ్ళని నిద్ర లేచినట్టు నటించమన్నాడు. అప్పటికే వాళ్ళ చేతుల్లో తుపాకులున్నా, పాతకాలం ఈటెలతో వేటాడించాడు.

అందులో ఒక సీను ఉంది, మన చర్చకి సరిగ్గా సరిపోతుంది. తెల్ల వ్యాపారి గ్రామఫోన్ పెడతాడు. నానూక్ ఆశ్చర్యపోయి, రికార్డు చేతిలోకి తీసుకుని పళ్ళతో కొరుకుతాడు. థియేటర్లో జనం నవ్వడానికి పెట్టిన సీను. నిజానికి ఆయనకి గ్రామఫోన్ అంటే ఏమిటో బాగానే తెలుసు. డైరెక్టర్ కోసం తెలియనట్టు చేశాడు.

రాజు గారు అడిగిన ‘ఎల్విస్ ఎవరో వాళ్ళకి తెలుసా’ అన్న ప్రశ్న ఆ కొరికిన రికార్డుకి చుట్టమే. తిట్టడానికి అనడం లేదు, నేను కూడా ఇందాక అదే అడిగాను కదా. నిన్న చూసిన సినిమాలో కనీసం వెర్రిగా కనిపించే పని బయటినుంచి వచ్చిన తెల్లాయన చేస్తున్నాడు, ఊరివాళ్ళు తాపీగా చూస్తున్నారు. నూరేళ్ళలో కెమెరా ఇటు తిరిగింది. నా నవ్వు ఆగింది అక్కడేనేమో.

#14 బుల్లెట్‌రాజు · రాత్రి 11:34

సరే సరే, నాదే తప్పు. ఆ మాట వెనక్కి తీసుకున్నా. కానీ పిచ్చి అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

#15 తెనాలిమాస్టారు · ఆదివారం ఉదయం 6:15

రాత్రి తొందరగా పడుకోవడం వల్ల ఎంత నష్టపోయానో ఇప్పుడు చూస్తున్నాను.

నాయనలారా, ఎవరో జూనియర్ చిరంజీవి అన్నారు. ఆ పోలిక నాకు నప్పలేదు. ఈ వ్యవహారం మన పగటి వేషాలకి దగ్గర. మా నాన్నగారి చిన్నతనంలో వేషగాళ్ళు ఊళ్ళోకి దిగితే కొన్నాళ్ళు మకాం. రోజుకో వేషం. సోమయాజులు సోమిదేవమ్మ ఒక రోజు, బుడబుక్కలవాడు ఒక రోజు, కొమ్ముదాసరి ఒక రోజు. అర్ధనారీశ్వర వేషం రోజున ఊరంతా వీధిలోనే. సగం ముఖం శివుడు, సగం పార్వతి, మధ్యలో తెర అడ్డం తిప్పుకుంటూ ఒక్కడే రెండు గొంతులు, రెండు నడకలు. చివరి రోజున వేషాలన్నీ తీసేసి సొంత ముఖంతో ఇంటింటికీ వచ్చి సంభావన పుచ్చుకుని వెళ్ళేవాళ్ళు.

పట్టపగలు, అరుగు ముందు, నాలుగడుగుల దూరంలో వేషం కట్టడం అంటే మాటలు కాదు. రంగస్థలానికి దీపాలు, తెర, దూరం సాయం చేస్తాయి. ఇక్కడ ఏమీ లేవు. చూసేవాడికి అది వేషమని తెలుసు, కట్టినవాడికీ ఆ సంగతి తెలుసు. అయినా బుడబుక్కలవాడు మీ ఇంట్లో కీడు ఉంది అనగానే మా నాయనమ్మ గుండె గుభేలుమనేదట. వాడు నిన్నటి సోమయాజులే అని తెలిసి కూడా! రీలుపెట్టె అడిగిన ‘తెలీదా’ అన్న ప్రశ్నకి నా జవాబు ఇదే. తెలుసు. తెలిసి చూడటంలోనే సరదా.

పేరు మార్చుకోవడం మాత్రం నాకు కొరుకుడు పడటం లేదు. ఆయనకి చివరి రోజు లేదన్నమాట. వేషం తీసేసి సంభావనకి రావడం లేదన్నమాట.

#16 కోనసీమకుర్రాడు · ఉదయం 7:50

మాస్టారూ, దెబ్బకి నా జోకు నాకే చిన్నగా కనబడుతోంది.

#17 రాగమాలిక · ఉదయం 8:30

మాస్టారు చెప్పింది బాగుంది కానీ నాకో అభ్యంతరం. పగటి వేషగాడు తనే మాటలు కట్టుకుంటాడు, ఎదుటి ఇంటివాళ్ళని బట్టి మారుస్తాడు. ఎల్విస్ డూపు చేసేది ఇంకొకడి పాటని, ఇంకొకడి గొంతులో, ఇంకొకడి బట్టల్లో. మా నాన్నగారు చాలాకాలం ఘంటసాల గారి పాటల కచేరీలు చేశారు. ఘంటసాల గారు 1974లో పోయారు, యాభై ఏళ్ళు దాటినా ఆ పాటలతో బతికే పార్టీలు ఇంకా ఉన్నాయి. నాన్నకి మంచి గాత్రం. సొంత బాణీలో పాడితే ముందు వరసవాళ్ళు ‘అచ్చం ఆయనలా పాడవయ్యా’ అని చీటీ పంపేవాళ్ళు. ఇంటికొచ్చాక ఆ చీటీలు లెక్కపెట్టి అమ్మకి చూపించి నవ్వేవారు. నాకు ఆ నవ్వు ఇష్టం ఉండేది కాదు.

అందుకని ఇలాంటి సినిమాలు చూడలేను. చూసేవాళ్ళకి వింతగా ఉంటుంది. ఇంట్లోవాళ్ళకి వేరేగా ఉంటుంది.

#18 పాతపాటలపిచ్చి · ఉదయం 9:10

రాగమాలిక గారూ, చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు.

ఆ రంగంలో కూడా ఈ గొడవ ఉంది. ఇమిటేటర్ అంటే వాళ్ళకి కోపం, ట్రిబ్యూట్ ఆర్టిస్ట్ అనాలి. ఎల్విస్ ఆస్తిపాస్తులు చూసుకునే ఎస్టేటువాళ్ళే 2007 నుంచి మెంఫిస్‌లో పోటీలు పెడుతున్నారు. కెనడాలో కాలింగ్‌వుడ్ ఊళ్ళో 1995లో మొదలైన పండగ చాలా ఏళ్ళు నడిచింది. ఆస్ట్రేలియాలో పార్క్స్ అనే చిన్న ఊరు 1993 నుంచి ప్రతి జనవరిలో ఎల్విస్ పుట్టినరోజు జాతర చేస్తుంది. సిడ్నీ నుంచి ప్రత్యేక రైలు కూడా ఉంది, పెట్టెల నిండా జంప్‌సూట్లే. నార్వేలో షెల్ ఎల్విస్ అనే ఆయన 2020లో యాభై గంటల పైన ఆగకుండా ఎల్విస్ పాటలు పాడాడు.

ఆ పోటీల్లో మార్కులు పడేది గొంతుకి, వేషానికి, నడకకి. అచ్చం అలాగే ఉండటంలో ఎవరు ఎక్కువ అని. టాగిష్ ఆయన ఆ పోటీకి వెళ్తే గెలుస్తాడని నేననుకోను. ఆయన్ది అనుకరణ విద్య కాదు. నేనే ఆయన్ని అని చెప్పుకునే మనిషికి పోటీ ఎవరితో?

#19 సీతక్క · ఉదయం 9:25

అందరూ బాగా చెబుతున్నారు కానీ నాకు కావాల్సింది ఎవరూ చెప్పలేదు. కచేరీకి వెళ్ళినవాళ్ళు లోపల ఏం చేశారు? వాసూ, నువ్వు సామాన్లు తీసుకెళ్ళినప్పుడు చూశావుగా?

#20 వైట్‌హార్స్‌వాసు · ఉదయం 11:40

చూశానక్కా. ఇక్కడ రాత్రి పదకొండు దాటింది, నిద్ర రావట్లేదు, వివరంగా రాస్తాను. టాగిష్ ఆయన కాదు, వేరే ఎల్విస్. దక్షిణం నుంచి వచ్చాడు. పేరెందుకులే. ఊరి పేరు కూడా వద్దు, మొత్తం మూడొందల మంది, చెబితే ఇట్టే తెలిసిపోతుంది.

కిందటి ఫిబ్రవరి. క్లాండైక్ హైవే మీద ఉత్తరానికి. కమ్యూనిటీ హాలు అంటే మన పంచాయతీ ఆఫీసు, కళ్యాణమండపం కలిపినట్టుంటుంది. గుమ్మంలో బూట్లు కుప్పగా విప్పేసి, సాక్సులతో లోపలికి. ఒక మూల పొడవాటి బల్ల మీద మూస్ అనే పెద్ద దుప్పి మాంసం పులుసు, బానక్ రొట్టె, ప్లాస్టిక్ గిన్నెలో ఎర్రటి జెల్లీ. మొదటి గంట ఎవరూ స్టేజీ వైపు చూడలేదు. ముందు తిండి, తర్వాతే పాట. పిల్లలు నేల మీద సాక్సులతో జారుతూ ఆడుకుంటున్నారు.

మన ఎల్విస్‌కి ఒక కష్టం వచ్చింది. తెల్ల బూట్లు వ్యాన్‌లోనే మర్చిపోయాడు. తెచ్చేసరికి రాయిలా బిగుసుకుపోయాయి, కాలు దూరలేదు. చేసేది లేక జంప్‌సూటు కింద మోకాళ్ళ దాకా ఉండే నల్లటి మంచు బూట్లతోనే స్టేజీ ఎక్కాడు. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. ఆయన మనసు చిన్నబుచ్చుకుంటాడేమోనని నేను కంగారుపడ్డాను. ఆయన కాలు పైకెత్తి ఆ బూటునే అటూ ఇటూ తిప్పి చూపించాడు. ఆ క్షణం నుంచి జనం ఆయన వైపే.

రెండో పాటకి ముసలమ్మలు పెదాలు కదుపుతున్నారు. నెమ్మది పాటలకి ఒకావిడ కళ్ళు మూసుకుని కూర్చుంది. ఎల్విస్ చివరి ఏళ్ళలో మెళ్ళో సిల్కు స్కార్ఫు చెమట తుడిచి ముందు వరస ఆడవాళ్ళకి ఇచ్చేవాడు కదా, ఈయనా అలాగే కిందికి దిగి ఆవిడ మెళ్ళో వేశాడు. ఆవిడ కళ్ళు తెరిచి, స్కార్ఫుని రెండు వేళ్ళతో నలిపి చూసి, పెద్దగా అంది: ‘ఇంత పల్చగా ఉంది, దీంతో ఇక్కడ చచ్చిపోతావు.’ తన మెళ్ళో ఉన్న ఉన్ని మఫ్లర్, చేత్తో అల్లింది, తీసి ఆయన మెడకి రెండు చుట్లు చుట్టింది. మిగతా పాటలన్నీ ఆ గోధుమరంగు మఫ్లర్ తోనే పాడాడు.

అసలు విషయం తర్వాత. ఆయన పదిన్నరకి ముగించాడు. జనం లేవలేదు. ఓల్డ్ క్రో నుంచి వచ్చి స్థిరపడిన గ్విచిన్ పెద్దాయన ఒకరు గోడ పక్కన పెట్టిన ఫిడేలు తీశాడు. 1840ల్లో బొచ్చు తోళ్ళ వ్యాపారం చేసే హడ్సన్స్ బే కంపెనీవాళ్ళు ఫోర్ట్ యూకాన్‌కి వచ్చినప్పుడు వాళ్ళతో ఫిడేలు కూడా వచ్చింది. గ్విచిన్లు దాన్ని ఎప్పుడో సొంతం చేసేసుకున్నారు. కుర్చీలు గోడకి జరిపారు, జిగ్గు మొదలైంది. నడుము పైన అసలు కదలకుండా పాదాలతోనే ఆడే ఆట. రాత్రి రెండు దాకా నేల దడదడలాడింది. ఎల్విస్ ఒక మూల కుర్చీలో కూర్చుని, చేతిలో టీ కప్పుతో, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఒక పాప లాక్కెళ్తే వెళ్ళి ఆడాడు కూడా, ఆ బూట్లతో. అడుగులు ఒక్కటీ సరిగ్గా పడలేదు, ఊరంతా కలిసి నవ్వింది.

#21 తెనాలిమాస్టారు · ఉదయం 11:58

ఆ ముసలావిడకి శతమానం భవతి.

#22 రాగమాలిక · మధ్యాహ్నం 12:20

మూడుసార్లు చదివాను. వాసు గారూ, ఆ ఫిడేలాయనకి వాయించమని చీటీ ఎవరైనా పంపారా?

#23 వైట్‌హార్స్‌వాసు · మధ్యాహ్నం 12:31

లేదండీ. ఆ ఊళ్ళో కచేరీ అయ్యాక ఆయన వాయిస్తాడని అందరికీ తెలుసు. తెలియనిది మాకే. నేనప్పటికే కేబుళ్ళు చుట్టేస్తున్నాను, ఒకాయన నా భుజం మీద చెయ్యేసి ‘తొందరేముంది’ అన్నాడు.

#24 బుల్లెట్‌రాజు · మధ్యాహ్నం 12:40

నాకో డౌటు. ఇంత దూరం, ఇంత పెట్రోలు, అరవై మంది. ఏం మిగులుతుంది?

#25 వైట్‌హార్స్‌వాసు · మధ్యాహ్నం 12:52

ఏమీ మిగలదు బ్రో. మాకు సౌండు అద్దె ఊరివాళ్ళే ఇచ్చారు. ఆయనకి ఇచ్చింది దారి ఖర్చులకి సరిపోయి ఉంటుంది. తిరుగు దారిలో వ్యాన్‌లో గడ్డకట్టిన మూస్ మాంసం ఒక పెట్టెడు ఉంది, అది లెక్కేస్తే లాభమే. వైట్‌హార్స్ దాకా ఎల్విస్ నా పక్కనే కూర్చున్నాడు, ఒక్క పాట పెట్టనివ్వలేదు. చెవులకి రెస్టు కావాలన్నాడు.

#26 రీలుపెట్టె · మధ్యాహ్నం 1:05

వాసు గారూ, ఇది ఎవరైనా కెమెరాలో పట్టి ఉంటే ఎంత బాగుండేది!

#27 వైట్‌హార్స్‌వాసు · మధ్యాహ్నం 1:09

పట్టారండీ. ఊరి పిల్లలు ఫోన్లలో తీశారు. బూట్లు మాత్రమే తీశారు.

#28 సీతక్క · మధ్యాహ్నం 1:15

అవన్నీ సరే, ఆ మఫ్లర్ ఏమైంది? తిరిగి ఇచ్చేశాడా?

#29 వైట్‌హార్స్‌వాసు · మధ్యాహ్నం 1:22

ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదక్కా. మొన్న మళ్ళీ షాపుకి వచ్చాడు, స్పీకర్లు అడగడానికి. వ్యాన్ స్టీరింగుకి చుట్టి ఉంది. పొద్దున్నే చేతులు అంటుకోకుండా బాగా పనికొస్తోందట.